ఒసాకా బల్ల మీద పెద్దకూర

సహపంక్తి భోజనాలతో కులం పోతుందని మన సంస్కర్తలు నమ్మిన కాలం ఒకటి ఉండేది. అందరికీ ఒకే వరుసలో విస్తళ్లు వేసి, ఒకే గంగాళంలోంచి వడ్డిస్తే మనసుల్లోని మైల కడుక్కుపోతుందని వారు ఆశపడ్డారు. ఆ ఆశలో నిజాయితీ ఉంది. కానీ దానికి ఉన్న పరిమితిని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. లాహోర్‌లోని జాత్‌పాత్ తోడక్ మండల్ కోసం రాసిన, ఆ వేదిక మీద చదివే అవకాశం దక్కని 'కుల నిర్మూలన' ప్రసంగంలో ఆయన ఈ విషయాన్ని చర్చించారు. కలిసి తినడానికి ఒప్పుకునే కులాలు ఎన్నో ఉన్నాయనీ, అయినా కుల స్పృహ చావలేదనీ ఆయన అనుభవపూర్వకంగా నిర్ధారించారు.

ఆనాటి సహపంక్తికి ఇవాళ కార్పొరేట్ రూపం వచ్చింది. దాని పేరు టీమ్ డిన్నర్. హైదరాబాద్‌లోనైనా, డల్లాస్‌లోనైనా, టోక్యోలోనైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నెలకో రెండు నెలలకో ఒక బల్ల చుట్టూ చేరి తింటారు. ఖర్చు సంస్థది. వంటకం ఏ దేశానిదైనా కావచ్చు. ఇక్కడ కులం ఎక్కడుంది అన్నది ఆ బల్ల దగ్గర కూర్చున్న ఆధిపత్య కులాల యువకుడు చాలా సహజంగా వేసే ప్రశ్న. నేను జపాన్‌లో తిన్న ఒక భోజనాన్ని ఆధారం చేసుకొని ఆ ప్రశ్నకు సమాధానం చెప్పదలిచాను.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక మాదిగవాడలో పుట్టాను. ఒసాకాలో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. ఒక పెద్ద ప్రాజెక్టు ముగిసిన సందర్భంగా మా బృందం నాయకుడు ఎనిమిది మందిని త్సురుహాషికి తీసుకువెళ్లారు. కొరియన్ మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ప్రాంతం అది. స్టేషన్‌లో రైలు దిగగానే నిప్పుల మీద కాలుతున్న మాంసం వాసన ఎదురొస్తుంది. మాలో నలుగురు జపనీయులు, నలుగురం తెలుగువాళ్లం. ఆ మిగతా ముగ్గురిదీ ఏ కులమో నేను ఏనాడూ అడగలేదు. వారి ఇంటిపేర్లు, పెళ్లి సంబంధాల ముచ్చట్లు, ఊళ్లోని భూముల కబుర్లు అడగకుండానే ఆ సంగతి చెప్పాయి.

జపాన్ బల్లకు కూడా ఒక క్రమం ఉంటుంది. గుమ్మానికి దూరంగా ఉండే చోటు పెద్దవారిది, గుమ్మం పక్క చోటు చిన్నవారిది. అయితే ఆ పెద్దరికం ఉద్యోగంతో వచ్చేది, పుట్టుకతో వచ్చేది కాదు. తినకూడనివి ఏమైనా ఉన్నాయా అని బృంద నాయకుడు ముందే వాకబు చేశారు. మా వాళ్లలో ఒకరు, "ఇంట్లో అయితే బీఫ్ ముట్టం, ఇక్కడ పరవాలేదు" అన్నారు. బల్ల మధ్యలో నిప్పుల గుంట, దాని మీద ఇనుప జాలీ. మొదట వచ్చింది వాగ్యూ. ఎర్రటి మాంసంలో తెల్లటి కొవ్వు సన్నని చారలుగా అల్లుకొని ఉంది. ఫోన్లు బయటికి వచ్చాయి. "వెన్నలా కరిగిపోతోంది" అని ఒకరన్నారు. ధర చూసి ఇంకొకరు ఆశ్చర్యపోయారు. ఆ ఒక్క గంటసేపు అది గొడ్డుమాంసం కాదు, అంతర్జాతీయ రుచి.

రెండో విడత వచ్చింది హోరుమోన్, అంటే పశువు లోపలి భాగాలు. మా బృందంలో వయసులో పెద్దవారైన ఒక జపనీయ సహోద్యోగి ఇష్టంగా తెప్పించారు. గుండెకాయ, కార్జం, పెద్దపేగు, పొరలు పొరలుగా ఉండే పొట్ట. ఆ పొరల పొట్టను అక్కడ సెన్‌మాయ్ అంటారు, వెయ్యి పొరలని దాని అర్థం. దాన్ని చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. "మేం దీన్ని బోటి అంటాం. మా అమ్మ సున్నపు నీళ్లతో రుద్ది, తెల్లగా అయ్యేదాకా గీకి, కారం దట్టించి వండుతుంది" అని ఆయనతో చెప్పాను. పెద్దకూర మిగిలినప్పుడు పొడవుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టి తునకలు చేసుకుంటామని కూడా చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "మా అమ్మ పుట్టిన చోట కూడా మాంసాన్ని అలాగే ఎండబెడతారు. సాయిబొషి అంటారు" అన్నారు. ఆ వెంటనే ఆగిపోయారు.

ఆ తర్వాత బల్ల మీద మౌనం పరుచుకుంది. జపనీయులలో ఒకరు గ్లాసు వైపు చూశారు, ఇంకొకరు మరో బీరు చెప్పారు. అదే క్షణంలో మా తెలుగువాళ్లు ముగ్గురూ కూడా పళ్లాల వైపు చూశారు. వారు ఆయన గురించి మౌనం వహించారు, వీరు నా గురించి. ఒకే బల్ల మీద రెండు దేశాల కులం ఒకేసారి తల ఎత్తి, మళ్లీ వంగింది.

సాయిబొషి అన్న మాట వినగానే ఆ జపనీయులు ఎందుకు మౌనం వహించారో తెలియాలంటే కొంత చరిత్ర తెలియాలి. సాయిబొషి అంటే గుర్రపు మాంసాన్నో పశుమాంసాన్నో ఉప్పు పట్టించి ఎండబెట్టినది. అబురకాసు అని ఇంకొకటి ఉంది. పశువు పేగులను వాటి కొవ్వులోనే కరకరలాడేదాకా వేయిస్తారు. దాన్ని పులుసులో వేసి ఇచ్చే కాసు ఉడోన్ ఇప్పుడు ఒసాకాలో అందరూ తినే వంటకం. ఈ రెండూ దక్షిణ ఒసాకా ప్రాంతపు బురాకుల వంటిళ్లలో పుట్టినవి. బురాకు అంటే వాడ. ఎదో పాలకుల కాలంలో పశువుల కళేబరాలు తీయడం, తోలు శుద్ధి చేయడం వంటి పనులకు కట్టిపడేసిన మనుషుల వాడలు అవి. వారికి పెట్టిన పేరు 'ఎతా'. మైల నిండినవారు అని ఆ అక్షరాల అర్థం. పక్కనే ఇంకో వర్గం 'హినిన్', అంటే మనుషులు కానివారు. ఊరి మాంసం, ఊరి తోలు, గుడి ముందు మోగే తైకో డోలు, అన్నీ వారి చేతుల మీదుగానే రావాలి. వారు మాత్రం ఊరికి దూరంగా ఉండాలి. డప్పు మోగాలి గానీ డప్పు కొట్టేవాడు గుడి మెట్లెక్కకూడదన్న నీతి తెలిసిన మనకు ఇదంతా విడమరచి చెప్పనక్కర లేదు.

ఆ బల్ల మీది హోరుమోన్ కూడా అదే చరిత్రలో భాగం. అది 'పారేసేది' అన్న అర్థమిచ్చే ఒసాకా మాండలిక పదం నుంచి వచ్చిందని ఒక వ్యుత్పత్తి చెబుతారు. కాదు, హార్మోన్ అన్న జర్మన్ మాట నుంచే వచ్చిందని మరో వాదన. వ్యుత్పత్తి ఏదైనా, ఇతరులు పారేసినదాన్ని రుచిగా మార్చిన చేతులు కొరియన్ వలస కుటుంబాలవీ బురాకు కుటుంబాలవీ. ఒసాకా బురాకు కుటుంబంలో పుట్టిన రచయిత ఉయెహారా యోషిహిరో 2005లో వెలువరించిన ఒక పుస్తకంలో సాయిబొషి, అబురకాసులను అమెరికా నల్లజాతి ప్రజల సోల్ ఫుడ్ పక్కన, నేపాల్ అంటరాని కులాల ఆహారం పక్కన నిలబెట్టి పరిశీలించారు. ఆ వరుసలో మన బోటికీ తునకలకూ న్యాయంగా ఒక విస్తరి ఉంది.

జపాన్ చరిత్రలో మనం తప్పక చదువుకోవలసిన పాఠం ఒకటుంది. బౌద్ధ ప్రభావంతో క్రీ.శ. 675లో తెమ్ము చక్రవర్తి పశువు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను ఏటా కొన్ని నెలలపాటు నిషేధించాడు. ఆ తర్వాతి శతాబ్దాలలో పశుమాంసం మైలగా స్థిరపడింది. మైల పని చేసేవారు మైల మనుషులయ్యారు. 1872 జనవరిలో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నారన్న వార్త వెలువడింది. పాశ్చాత్యులతో సమానం కావాలంటే వారి ఆహారం తినాలన్నది ఆనాటి రాజనీతి. ఒక్క తరంలో గొడ్డుమాంసం నాగరికతకు గుర్తయింది. నేడు కోబె బీఫ్ ఆ జాతికి గర్వకారణం. పన్నెండు వందల ఏళ్ల మైల రాజు నోటితో పోయింది.

మరి మనుషుల మైల పోయిందా? చక్రవర్తి మాంసం తినడానికి కొద్ది నెలల ముందే, 1871లో, ఎతా, హినిన్ అన్న పేర్లను రద్దు చేస్తూ విముక్తి శాసనం వచ్చింది. దాన్ని సహించలేని రైతులు 1873లో మిమసక ప్రాంతంలో తిరుగుబాటు పేరిట బురాకు ఇళ్లు తగలబెట్టారు, మనుషులను చంపారు. 1872లో తయారైన కుటుంబ నమోదు పుస్తకాలలో కొందరి పేర్ల పక్కన 'కొత్త సామాన్యులు' అని రాశారు. పాత ఎతా ఎవరో తెలియడానికి ఆ ఒక్క మాట చాలు. ఆ పుస్తకాలను ఇతరులు చూడకుండా మూసివేయడానికి 1968 దాకా పట్టింది. టోక్యోలో షినగావా స్టేషన్ దగ్గరి షిబౌరా మాంసపు మార్కెట్‌లో ఒక ప్రదర్శనశాల ఉంది. అక్కడి కార్మికులను దూషిస్తూ వచ్చిన ఉత్తరాలను అందులో ప్రదర్శనకు పెట్టారు. రాసినవారు ఆ మాంసం తినేవారే అయివుంటారు.

అంబేడ్కర్ 1948లో ప్రచురించిన 'అంటరానివారెవరు' గ్రంథంలో గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న బంధాన్ని వివరించారు. జపాన్ అనుభవం ఆ వివరణకు ఒక కొనసాగింపును చేరుస్తుంది. మాంసాన్ని సాకుగా చేసుకొని మనిషిని అంటరానివాడిని చేసిన తర్వాత, మాంసానికి గౌరవం వచ్చినా మనిషికి రాదు. పశువు పైకి వెళుతుంది, దాన్ని కోసిన చెయ్యి కిందే ఉంటుంది. అంటే మైల మాంసంలో లేదు. మనిషిని మనిషి కింద పెట్టాలన్న అవసరంలో ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు రాళ్లు పడ్డాయి. ఆ పెద్దకూరే ఒసాకాలో వాగ్యూ అయితే ఫొటోలు పడతాయి. విద్యార్థులు ఆనాడు అడిగింది రుచికి గుర్తింపు కాదు, ఆ రుచి గల మనుషులకు గౌరవం.

ఆ భోజనం తర్వాత జరిగినదాన్ని కూడా చెప్పాలి. మా ముగ్గురు తెలుగు సహోద్యోగులలో ఇద్దరితో కలిసి నేను ఒక ఇల్లు అద్దెకు తీసుకోవలసి ఉంది. ఇల్లు చూశాం, అద్దె పంచుకున్నాం, గదులు కూడా అనుకున్నాం. భోజనం జరిగిన నాలుగో రోజున వారిలో ఒకరు లిఫ్ట్‌లో, "అన్నా, మీది నల్లగొండలో ఏ ఊరు?" అని అడిగారు. చెప్పాను. "ఊళ్లో ఎక్కడ?" అన్నది రెండో ప్రశ్న. అదీ చెప్పాను. ఆ వారాంతంలో సందేశం వచ్చింది: "అన్నా, ఏమీ అనుకోవద్దు. అమ్మానాన్న మూడు నెలలు ఉండడానికి వస్తున్నారు. వంటింటి విషయంలో వాళ్లకు కొన్ని పట్టింపులున్నాయి." వాగ్యూ వెన్నలా కరిగిందన్న వ్యక్తే అది రాసింది. నెల తిరగకుండా ఆ ఇంట్లోకి మూడో మనిషి వచ్చాడు. అతనూ మాంసాహారే.

బల్ల అందరిదీ, వంటిల్లు కొందరిది. కలిసి తినడం దగ్గర కులం ఆగదని అంబేడ్కర్ చెప్పినదాన్ని నేను ఒసాకాలో ఇల్లు వెతుక్కుంటూ మళ్లీ చదువుకున్నాను. జపాన్‌లో విదేశీయులకు ఇల్లు దొరకడమే కష్టం. యజమానులు వెనకాడతారు, హామీదారు కావాలంటారు. అందుకే సొంత భాషవాళ్లతో కలిసి ఉండడం మాకు ముచ్చట కాదు, అవసరం. కులం ఆ అవసరాన్ని పట్టుకొని కొట్టింది.

దీన్ని ఎవరితోనైనా చెబితే వచ్చే జవాబు ఒకటే: "ఎందుకు లేపుతావు? వదిలేస్తే అదే పోతుంది కదా." జపనీయులకు ఇదే అర్థం గల సామెత ఉంది. నిద్రపోతున్న బిడ్డను లేపకు అంటారు. బురాకు సమస్య ఎత్తిన ప్రతిసారీ ఈ సామెతను అడ్డం పెడతారు. మాట్లాడకపోతే కొత్త తరానికి తెలియదు, తెలియకపోతే వివక్ష ఉండదు అన్నది వాదన. ఇది అబద్ధమని 1975లో బయటపడింది. దేశంలోని బురాకుల పేర్లు, చిరునామాలతో పుస్తకాలు అచ్చువేసి రహస్యంగా సంస్థలకు అమ్ముతున్నారని తేలింది. కొన్న సంస్థలు 200కు పైనే. ఉద్యోగానికి వచ్చిన యువకుడి స్వస్థలాన్ని ఆ జాబితాతో సరిచూసి తిరస్కరించడం వాటి పద్ధతి. పెళ్లి సంబంధాల విచారణకూ అలాంటి జాబితాలే పనికొచ్చాయి. బయట అందరూ నిశ్శబ్దంగా ఉన్న కాలంలోనే సొరుగులో జాబితా ఉంది. "ఊళ్లో ఎక్కడ?" అన్న ప్రశ్న మన దగ్గరి జాబితా. దాన్ని అచ్చువేయనక్కర లేదు, ప్రతి తెలుగువాడి నాలుక మీదా ఉంది.

అయితే ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పేరు చెప్పడం మంచిదైతే ఆ జాబితా ఎందుకు చెడ్డది? జాబితా చెడ్డదైతే నా కులాన్ని నేనెందుకు చెప్పుకోవాలి? దీనికి జవాబు బురాకు ఉద్యమ చరిత్రలోనే ఉంది. 1922 మార్చి 3న క్యోటోలోని ఒక సభాభవనంలో బురాకు యువకులు సుయిహేయిషా అనే సంఘాన్ని స్థాపించారు. సమతలం చేసేవారి సంఘం అని అర్థం. తిట్టుగా వాడిన ఎతా అన్న పేరునే తమ ప్రకటనలో గర్వంగా నిలబెట్టారు. మహద్ చెరువు నీళ్లు అంబేడ్కర్ తాగిన 1927 మార్చికి ఐదేళ్ల ముందటి మాట ఇది. మనిషి తన పేరు తాను చెప్పుకుంటే అది పోరాటం. అదే పేరును ఇతరులు తవ్వి తీస్తే అది వివక్ష. కాబట్టి న్యాయం రెండు పనులు ఒకేసారి చేయాలి: అడగడాన్ని నిషేధించాలి, చెప్పుకోవడాన్ని కాపాడాలి. ఆ రాత్రి నా సహోద్యోగి ఆగిపోయిన చోట నేను ఆయనను ఇంకేమీ అడగకపోవడానికి కారణం ఇదే.

జపాన్ ఈ దిశగా కొన్ని అడుగులు వేసింది. వెనుకటి రోజుల్లో సంస్థలు ఉద్యోగ దరఖాస్తులలో తండ్రి వృత్తి, కుటుంబ ఆస్తి, స్వస్థలం అడిగేవి. ఉద్యమాల ఒత్తిడితో 1973 నుంచి ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఆ ప్రశ్నలు లేని ఒకే దరఖాస్తును దేశమంతటా వాడుకలోకి తెచ్చారు. బురాకు మూలాలను ఆరా తీసే విచారణలను నియంత్రిస్తూ ఒసాకా స్థానిక ప్రభుత్వం 1985లో నిబంధన చేసింది. బురాకు వివక్ష అన్న మాటను పేరులోనే చేర్చుకున్న జాతీయ చట్టం 2016 డిసెంబరులో వచ్చింది. పాత బురాకు జాబితాను మళ్లీ అచ్చువేయబూని, అంతర్జాలంలో పెట్టిన ప్రచురణకర్తను 2021లో టోక్యో జిల్లా న్యాయస్థానం నిలువరించింది. వివక్షకు గురికాకుండా ఉండే హక్కు మనిషికి ఉందని 2023లో హైకోర్టు గుర్తించింది. వీటిని మనం అతిగా పొగడనక్కర లేదు. 2016 చట్టంలో శిక్షలు లేవు. బురాకుల వసతులకు నిధులిచ్చిన 1969 నాటి ప్రత్యేక చర్యలు 2002లో ముగిశాయి. పైగా జపాన్ వివక్షకూ మన కులానికీ తేడా ఉంది. అక్కడ గీత ప్రధానంగా ఒకటి. ఇక్కడ అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత, మెట్టు మీద మెట్టు. తేడా ఉన్నా, ప్రశ్ననే నేరంగా చూడాలన్న సూత్రం మనకు పనికొస్తుంది.

మా సంస్థలో ఏటా జరిగే మానవ హక్కుల శిక్షణలో బురాకు వివక్ష మీద ఒక భాగం ఉంటుంది. ఆ ఏడు శిక్షణలో నేను చెయ్యి ఎత్తి, భారతీయ ఉద్యోగుల మధ్య నడిచే కులం సంగతి ఎందుకు లేదని అడిగాను. శిక్షకురాలు ఆ మాటను పాఠ్యపుస్తకంలో మాత్రమే చదివానన్నారు, పాతకాలపు విషయమనుకున్నానన్నారు. ఊళ్లో ఏ వాడ అని అడగడం ఎలా పనిచేస్తుందో వివరించాను. స్వస్థలాన్ని బట్టి మనిషిని తూచడం ఆమెకు కొత్త కాదు, వెంటనే అర్థమైంది. మరుసటి ఏడు శిక్షణ పత్రంలో, సహోద్యోగులను అడగకూడని ప్రశ్నల వరుసలో, కులాన్ని తెలుసుకోవడానికి వేసే ప్రశ్నలు అని ఒక పంక్తి చేరింది. ఒక్క పంక్తే. దాని వల్ల నాకు ఆ ఇల్లు దొరకలేదు. కానీ తర్వాత ఇండియా నుంచి వచ్చిన ఒక దళిత యువతి ఆ పంక్తిని చూపించి తన ఫిర్యాదు రాయగలిగింది.

అమెరికాలో 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగర మండలి నిషేధిత వివక్షల జాబితాలో కులాన్ని చేర్చింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన కుల వివక్ష వ్యతిరేక బిల్లును, ఉన్న చట్టాలు చాలునంటూ గవర్నర్ అక్టోబరులో తిరస్కరించారు. ఉన్నది చాలు అనడం కూడా నిద్రపోతున్న బిడ్డను లేపకు అనడమే. తెలుగువాళ్లు ఎక్కడెక్కడ ఉద్యోగాలు చేస్తున్నారో అక్కడికల్లా వంటింటి పట్టింపులు కూడా విమానమెక్కి వెళుతున్నాయి. వాటి వెంట చట్టం కూడా వెళ్లాలి.

హైదరాబాద్‌లోని ఐటీ సంస్థల వివక్ష వ్యతిరేక విధానాలలో లింగం, మతం, ప్రాంతం అన్న మాటల పక్కన కులం అన్న మాట ఎన్ని చోట్ల ఉందో విద్యార్థి సంఘాలు లెక్క తీయాలి. లేని చోట చేర్చమని అడగాలి. హాస్టల్ మెస్సులో, అద్దె ఇళ్ల ప్రకటనల్లో 'శాకాహారులకు మాత్రమే' అన్న మాట ఎవరిని బయట నిలబెడుతోందో రాసి పెట్టాలి. ఇంటిపేరు, వాడ, ఆహారం అడిగి కులం తేల్చుకునే ప్రశ్నను ఉద్యోగ నియమాల్లో వేధింపుగా గుర్తించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను డిమాండ్ చేయాలి. ఆ బిడ్డ ఏనాడూ నిద్రపోలేదు, నిద్ర నటించింది చుట్టూ ఉన్న పెద్దలే. బోటి వండిన అమ్మ పేరును, తునకలు ఎండిన వాడ పేరును మనం మన నోటితో, మన ఇష్టంతో చెప్పుకోగలిగి, అలా చెప్పుకున్నందుకు ఇల్లు గానీ ఉద్యోగం గానీ పోని రోజున మాత్రమే సహపంక్తి భోజనం అన్న మాటకు అర్థం వస్తుంది.